వణుకుకు మార్కులు వేసినవాళ్ళం

మా వీధి చివర గోడకు ఈమధ్య ఒక పెద్ద బోర్డు కట్టారు. కోటు తొడుక్కున్న కుర్రవాడి బొమ్మ, దాని కింద ‘ఇంటర్వ్యూ భయమా? పది రోజుల్లో మాయం’ అని రాత. తిరుపతిలో ఇప్పుడు ఇలాంటివి వీధికొకటి కనిపిస్తున్నాయి. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. భయం పోగొట్టుకోవలసింది పిల్లలట! ఆ భయాన్ని తయారు చేసేవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. తయారు చేసినవాళ్ళలో నేనూ ఒకతెను కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

రేణిగుంట దగ్గర వోల్టేజ్ స్టెబిలైజర్లు చేసే ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, పర్సనెల్ మేనేజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనినే హెచ్.ఆర్. అంటున్నారు. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుని మేం ఏం చేసేవాళ్ళమో మాత్రం చెబుతాను. ఉద్యోగం కోసం రేపు ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళూ చదవాలి, మా కుర్చీల్లో కూర్చోబోయేవాళ్ళూ చదవాలి.

ఆ గది

మా జనరల్ మేనేజరు వరదరాజులు గారు పనిమంతుడు. మిషను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పగలడు. కార్మికుల పిల్లల పేర్లు కూడా ఆయనకు గుర్తే. అలాంటి మనిషి ఇంటర్వ్యూ గదిలోకి రాగానే మారిపోయేవాడు. ‘ఒత్తిడి పెడితేగాని మనిషి బయటపడడు’ అనేది ఆయన సిద్ధాంతం. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు ఆయన పైఅధికారి ఆయన్ని అలాగే ఏడిపించాడట. దాన్ని గర్వంగా చెప్పుకునేవాడు. తిన్న దెబ్బలను చదువనుకున్న మనిషి.

ఆయన ఒత్తిడికి కావలసిన ఏర్పాట్లు నేను చేసేదాన్ని. ఏ.సి. బాగా తగ్గించి గదిని మంచుగడ్డ చేయాలి. వచ్చినవాళ్ళ కుర్చీ బల్లకు ఆరడుగుల దూరంలో, చేతులు పెట్టుకోవడానికి ఏ ఆధారమూ లేకుండా వేయాలి. తొమ్మిదికి రమ్మన్నవాళ్ళను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాలి. మంచినీళ్ళ కూజా మా బల్ల మీదే ఉండాలి. వాళ్ళు మాట్లాడుతుంటే ఆయన ఫోను చూసుకుంటాడు. ఎవరైనా తడబడితే, “ఇంత మాత్రానికే వణికిపోతే రేపు లైనులో ఏం చేస్తావు?” అంటాడు.

ఇందులో ఏ ఒక్కటీ తప్పని నాకు అప్పట్లో తోచలేదు. కుర్చీ దూరం సరిగ్గా ఉందో లేదో అడుగులేసి కొలుచుకున్న మనిషిని నేను.

సత్యవేడు నుంచి వచ్చిన అమ్మాయి

ఒక వేసవిలో టెస్టింగ్ టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు పెట్టాం. బల్లకు ఇవతల ముగ్గురం: వరదరాజులు గారు, నేను, లైను ఫోర్‌మన్ చెంగల్రాయుడు. చెంగల్రాయుడు శ్రీకాళహస్తి మనిషి. పెద్ద చదువు లేదు. మా ఫ్యాక్టరీ మొదటి రోజు నుంచీ ఉన్నవాడు.

ధనలక్ష్మి సత్యవేడు దగ్గర పల్లె నుంచి తండ్రిని తోడు తీసుకుని, రెండు బస్సులు మారి, తొమ్మిదికి ముందే వచ్చింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. తండ్రి కూలి పనికి పోయేవాడు. ఆయన్ని గేటు లోపలికి రానివ్వలేదు. సెక్యూరిటీ షెడ్డు పక్కన నిలబడ్డాడు. ఆమె పేరు పిలిచేసరికి రెండున్నర దాటింది. పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. ఆ రోజు మేం అడగలేదు.

లోపలికి వస్తూనే చలికి ఒకసారి ఉలిక్కిపడింది. కుర్చీలో కూర్చుంటూ ఫైలు జారవిడిచింది. సర్టిఫికెట్లు నేల మీద చెదిరిపోయాయి. ఏరుకోవడానికి వంగిన అమ్మాయి చేతులు ఎంత వణుకుతున్నాయంటే, ఒక కాగితం పట్టుకుంటే రెండోది జారిపోతోంది. ముగ్గురం కూర్చుని చూశాం. ఎవరమూ లేవలేదు.

“నీ గురించి చెప్పు, ఇంగ్లీషులో,” అన్నారు వరదరాజులు గారు.

ఎక్కడో బట్టీపట్టించిన నాలుగు వాక్యాలు మొదలుపెట్టింది. మూడో వాక్యంలో ఆగిపోయింది.

“మొదటి నుంచి చెప్పు.”

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆయన చిన్నగా నవ్వి, “ఇంకోసారి,” అన్నారు. మూడోసారి మొదటి మాట కూడా రాలేదు.

చెంగల్రాయుడికి మనసు ఒప్పలేదనుకుంటాను. ముందుకు వంగి, “ఏం పాపా, ఇది సెప్పు,” అన్నాడు. “ఒక సర్క్యూట్ బోర్డు ఉండాది. సల్లగా ఉన్నంతసేపు బాగా పనిచేస్తాది. వేడెక్కినాక ఆగిపోతాది. ముందు యాడ సూస్తావు?”

ఆ రోజుల్లో మా లైనును పీడిస్తున్న తెగులు అదే. అందుకే వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్న అడుగుతున్నాడు. ధనలక్ష్మి మొదటిసారి తలెత్తింది.

“సోల్డరు అతుకులు సూస్తాను సార్. డ్రై సోల్డరు అయ్యుంటే వేడికి అతుకు ఇడిపోతాది. ప్లాస్టిక్ పుల్లతో మెల్లిగా తట్టి...”

“ఇంగ్లీషులో!” అన్నారు వరదరాజులు గారు.

ఆమె నోరు మూతపడింది. “సారీ సార్” అని లేచి వెళ్ళిపోయింది.

ఆయన కాగితం నా వైపు జరిపారు. ‘ధైర్యం తక్కువ. లైను పనికి తగదు’ అని రాశాను.

“ఆ పాప జవాబు సెప్పబోయింది మేడం,” అన్నాడు చెంగల్రాయుడు.

“చెప్పబోవడం వేరు, చెప్పడం వేరు,” అన్నాను. నా జీవితంలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి చాలా ఉన్నాయి. వాటిలో ఇది మొదటిది.

సాయంత్రం గేటు దగ్గర ఆ తండ్రి నా దగ్గరికి వచ్చాడు. కూతురు కాస్త దూరంలో అటు తిరిగి నిలబడి ఉంది.

“అమ్మా, మా బిడ్డ బాగా సెప్పిందా?”

“కబురు చేస్తాం,” అన్నాను. కబురు చేయబోమని నాకు తెలుసు.

గడగడా మాట్లాడినవాడు

ఆ ఉద్యోగం ఒక కుర్రవాడికి ఇచ్చాం. అతని పేరు ఇక్కడ అనవసరం. చెడ్డవాడేమీ కాదు. గదిలోకి నవ్వుతూ వచ్చాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు, అడిగినదానికీ అడగనిదానికీ గడగడా జవాబులిచ్చాడు. చెంగల్రాయుడి ప్రశ్నకు అతను చెప్పింది తప్పు. అయినా ఎంత ధీమాగా చెప్పాడంటే, మా జనరల్ మేనేజరు గారు తల ఊపారు. నేను ‘ధైర్యవంతుడు’ అని రాశాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ధైర్యమని ఆ గదిలో మేమే అతనికి నేర్పాం.

నేర్చుకున్నది అతను ఊరికే పోనివ్వలేదు. తయారైన ప్రతి బోర్డునూ కొంతసేపు వేడి మీద నడిపి, రీడింగు చూసి, సంతకం పెట్టడం అతని పని. కొన్ని బోర్డుల్లో రీడింగు ఊగుతోంది. ఎందుకు ఊగుతోందో అతనికి తెలియలేదు. పక్కనే చెంగల్రాయుడు ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు. అడిగితే పరువు పోతుందనుకున్నాడు. సంతకాలు పెడుతూ పోయాడు.

మరుసటి ఎండాకాలం సరుకు వెనక్కి రావడం మొదలైంది. లారీల్లో వచ్చింది. గోడౌను నిండి, వరండాలో కూడా అట్టపెట్టెలు పేర్చాం. అన్నింటిలోనూ ఒకటే రోగం, సరిగ్గా పట్టని అతుకు, డ్రై సోల్డరు.

ఆ పెట్టెల మధ్య నిలబడి చెంగల్రాయుడు, “మేడం, పోయినేడు ఇంటర్వ్యూ కాగితాలు ఉండాయి గదా, ఒకసారి తీయండి,” అన్నాడు. తీశాను. తన ప్రశ్నకు ఎవరెవరు ఏం చెప్పారో అతను ఆ రోజే కాగితాల అంచున రాసిపెట్టుకున్నాడు. వచ్చిన వాళ్ళందరిలో సరైన దారిలో మొదలుపెట్టింది ఒక్క మనిషి. ఆ మనిషి కాగితం మీదే ‘ధైర్యం తక్కువ’ అని నా చేతిరాత ఉంది.

“మనం దేనికి మార్కులేసినామో ఇప్పుడు తెలిసిందా మేడం?” అన్నాడు. అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మొబైల్ అంగట్లో

ధనలక్ష్మి దరఖాస్తులో ఉన్న ఫోను నంబరు పనిచేయలేదు. ఒక ఆదివారం సత్యవేడు బస్సెక్కాను. ఆ పల్లెలో అడిగితే, బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో ఉంటుందని చెప్పారు.

ఇరుకైన అంగడి. ముందు నలుగురైదుగురు నిలబడి అరవమూ తెలుగూ కలిపి త్వరపెడుతున్నారు. వాళ్ళ భుజాల మీదుగా చూశాను. భూతద్దం దీపం కింద ధనలక్ష్మి తల వంచుకుని పనిచేస్తోంది. ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, రెండో చేతిలో పట్టకారు. ఆవగింజంత ముక్కను తీసి, ఇంకో ఆవగింజంత ముక్కను పెట్టింది. వేళ్ళు కాస్త కూడా కదలడం లేదు. ఎదురుగా అంతమంది అరుస్తున్నా ఆమెకు పట్టలేదు. ధైర్యం తక్కువైన మనిషి ఎలా ఉంటుందో నాకు తెలియదుగాని, అలా మాత్రం ఉండదు.

జనం తగ్గాక ముందుకెళ్ళి, “బాగున్నావా ధనలక్ష్మీ?” అన్నాను.

తలెత్తింది. మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్న క్షణంలో ఆమె చేతిలోని ఐరన్ వణకడం మొదలైంది. చూసుకుని గబుక్కున స్టాండులో పెట్టేసి, చేతులు బల్ల కిందికి దాచుకుంది.

నాకు అక్కడే తల కొట్టేసినట్టయింది. అంతవరకూ ఆ చేతుల్లో వణుకు లేదు. నన్ను చూస్తే వచ్చింది. నేను ఆమె మీద రాసిన లోపం నేను తెచ్చిపెట్టిందే.

జరిగిందంతా చెప్పాను. మళ్ళీ రమ్మని అడిగాను.

“ఆ గదిలోకి నేను రాను మేడం.”

“గది ఉండదు. పని చూసే తీసుకుంటాం.”

“ఆ సారు ఉండాడా?”

“ఉన్నారు.”

“మళ్ళేం మారింది మేడం?”

ఆమే మళ్ళీ అంది: “ఆ పొద్దు బస్సులో మా నాయన అడిగినాడు, ఏమడిగినారు బిడ్డా అని. ఇంగ్లీషు అడిగినారు నాయనా, నాకు రాలేదు అని సెప్పినా. ఇంకెప్పుడూ నన్ను ఏ ఇంటర్వ్యూకీ పొమ్మనలే. నాకు పని రాదని ఆయన అనుకున్నాడు మేడం. మా నాయన అట్లనుకోవడమే నాకు...” అని ఆపేసి, ఇంకో ఫోను చేతిలోకి తీసుకుంది.

తిరుగు బస్సులో నా మొదటి ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. చిత్తూరులో, ఒక ఆఫీసులో గుమాస్తా పని. నేనూ వణికాను. బల్ల అవతల ఉన్న పెద్దాయన నా ముఖం చూసి, “ఏమ్మా, అన్నం తిన్యావా?” అని అడిగి, టీ తెప్పించి, నేను తాగేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాతే మొదటి ప్రశ్న వేశాడు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. అయినా ఆ గదిలోంచి మనిషిగానే బయటికొచ్చాను. అలాంటి మర్యాద ఎలా ఉంటుందో తెలిసి ఉండి కూడా, నా వంతు వచ్చేసరికి నేను ఆ చలి గదికి కాపలా కాశాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ముందు నా మీదే వచ్చింది.

బెంచి ముందు, బల్ల తర్వాత

మర్నాడు వరదరాజులు గారి ముందు నిలబడి, ఇకమీద ముందు రిపేరు బెంచి మీద పని పరీక్ష పెట్టాలని, మాటలు ఆ తర్వాతేనని, అదీ వాళ్ళకు వచ్చిన భాషలోనేనని చెప్పాను. కాదంటే ఆ గదిలో నేను కూర్చోనన్నాను.

“ఇన్నేళ్ళూ కూర్చున్నారు కదా సుశీల గారూ! ఇప్పుడేం పుట్టింది?” అన్నారు.

న్యాయమైన ప్రశ్న. “ఇన్నేళ్ళూ తప్పే చేశాను సార్,” అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. నా మాటలకు మనసు కరిగి ఒప్పుకున్నారని చెబితే అబద్ధం. వరండాలో అట్టపెట్టెలు ఆయనకూ కనిపిస్తున్నాయి. న్యాయం చెబితే వినని ఆఫీసు, సరుకు వెనక్కి వస్తే వింటుంది. మీకు అందివచ్చిన కారణాన్ని వాడుకోండి. నేను అదే చేశాను.

ధనలక్ష్మికి కబురు పంపాను. వారం తర్వాత ఫోను చేసింది. “మేడం, ముందు బెంచి పనే అన్నారు. తెలుగులో సెప్పొచ్చు అన్నారు. అది కాగితం మీద రాసి పంపించండి.” నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆఫీసు ముద్రతో రాసి పంపాను.

వచ్చింది. లైను పక్కనే బెంచి, మూడు చెడిపోయిన బోర్డులు, నీళ్ళ సీసా. మొదటి బోర్డులో తప్పు పట్టేసింది. రెండోది తీసుకుంటుండగా వరదరాజులు గారు వచ్చి ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె చెయ్యి వణికింది. ఐరన్ జారి పక్క అతుకును తాకింది. మళ్ళీ అదే జరుగుతోందనుకున్నాను.

ధనలక్ష్మి ఐరన్‌ను స్టాండులో పెట్టింది. నీళ్ళు తాగింది. కుర్చీ తిప్పి ఆయన వైపు చూసింది.

“సార్, మీరు ఎనకాల నిలబడితే నాకు చెయ్యి వణుకుతాది. ఇట్ల పక్కకొచ్చి సూడండి. నేను చేసేది మీకూ కనపడతాది.”

ఆ షెడ్డులో అంతవరకూ ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు. చెంగల్రాయుడు పైకప్పు చూస్తున్నాడు. వరదరాజులు గారు కట్టుకున్న చేతులు విప్పారు. తర్వాత పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆమె రెండోదీ, మూడోదీ పూర్తి చేసింది. పొరపాటున తాకిన అతుకును కూడా తానే చూపించి సరిచేసింది.

ఉద్యోగం ఇచ్చాం. ‘ఇచ్చాం’ అనడానికి నాకు నోరు రావడం లేదు. ఏడాది కిందటే ఆమెకు రావలసింది ఆలస్యంగా చేతికొచ్చింది.

వెళ్ళేవాళ్ళకు, కూర్చునేవాళ్ళకు

వణుకు ఎలా పోతుందని నన్ను చాలామంది పిల్లలు అడుగుతారు. పోదు. పోవాలని చూడకండి, అందులోనే సగం ఓపిక అయిపోతుంది. పొద్దున ఏదైనా తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వచ్చి కళ్ళు తిరిగినవాళ్ళను మేం ‘బెరుకు’ అని రాసేసిన రోజులున్నాయి. నీళ్ళు అడగండి. కుర్చీ దూరంగా ఉంటే, “కొంచెం ముందుకు జరుపుకోవచ్చా?” అని అడగండి. బట్టీపట్టిన వాక్యాలు వద్దు. ఒక్క మాట మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. మీరు చేతులతో చేసిన పని ఒకటి, పాడైనదాన్ని ఎలా బాగుచేశారో అన్నది, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు ముందే రెండుసార్లు పైకి చెప్పుకుని వెళ్ళండి. తెలియనిది తెలియదని చెప్పండి. వణుకు మరీ ఎక్కువైతే, వణుకు వస్తోంది, ఒక్క నిమిషం ఇవ్వండి అని పైకే అనండి. దాచుకుంటే అది పెరుగుతుంది. అన్నాక ఎవరైనా నవ్వితే, ఆ నవ్వు వాళ్ళ గురించి చెబుతుంది.

ఇవన్నీ చేసినా ఉద్యోగం రాకపోవచ్చు. ఆ గదిలో మీకు వచ్చిన మార్కులు మీ పనికి వేసినవే అని మాత్రం నమ్మకండి. వేసినదాన్ని నేను, నాకు తెలుసు.

ఇక కూర్చునేవాళ్ళకు. పిల్లలు ఎందుకు వణుకుతారో మీకు తెలియనట్టు నటించకండి. ఇంట్లో నలుగురి ఆశ ఆ ఫైలులో పెట్టుకుని వస్తారు. మీరు పది నిమిషాల్లో మరిచిపోయే ముఖం అది. వాళ్ళు మిమ్మల్ని పదేళ్ళు మరిచిపోరు. బెదిరించి మనిషిని పరీక్షించానని చెప్పుకునేవాడు తన అధికారాన్ని చప్పరిస్తున్నాడు, అంతే.

నేను రిటైరయ్యే ముందు ఏడు, కొత్తగా చేరిన ట్రైనీలను క్యాంటీన్లో కూర్చోబెట్టి సమావేశం పెట్టాం. అప్పటికి ధనలక్ష్మి టెస్టింగ్ లైను ఇన్‌చార్జి. వరదరాజులు గారు మైకు పట్టుకుని ఆమెను ముందుకు పిలిచారు.

“ఈ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు వణికిపోయింది. మేం గట్టిగా అడిగాం, కఠినంగా ఉన్నాం. అందుకే రాటుదేలింది. ఈ రోజు ఇంతమందికి పని నేర్పుతోంది. చూశారా!” అన్నారు. ఆ మాటలో ఆయనకు కపటం లేదు. నిజంగానే అలా నమ్మారు. లేచి ఏదో అనబోయాను. ఈలోగా ఆయన మైకు ధనలక్ష్మి చేతికిచ్చారు.

“వణుకు యాడికీ పోలే సార్,” అంది. “ఇదో, ఇప్పుడూ ఉండాది, సూడండి.” మైకు పట్టుకున్న చేతిని కాస్త పైకెత్తింది. ముందు వరసలో ఉన్న పిల్లలందరికీ ఆ వణుకు కనిపించింది. “పని మాత్రం నాకు ఆ పొద్దే వచ్చు. మీరే అడగలే.”

ఆమె మైకు నా చేతికిచ్చి, లైను మొదలయ్యే వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది.